తూర్పు కిటికీ పక్క బెడ్డు

మా నాన్న ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేశాడు. అందులో ఎక్కువ కాలం భీమిలి రూటే. తెల్లవారుజామున భీమిలిలో బయలుదేరే సర్వీసు ఆయనది. భీమిలి నుంచి విశాఖ వస్తుంటే సముద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది. మంగమారిపేట దాటాక ఎండ ఎడమ కిటికీల్లోంచి లోపలికి పడుతుంది. అది ఏ సీటు దాకా వచ్చిందో చూసి నాన్న టైము చెప్పేవాడు. వేసవిలో ఒక లెక్క, కార్తీకంలో ఒక లెక్క. చేతికి వాచీ ఉండేది గానీ దాన్ని చూసుకోవడం తక్కువే. రిటైరై పదహారేళ్ళయినా ఐదింటికల్లా లేచి అరుగు మీద తూర్పు ముఖంగా కూర్చోవడం మానలేదు.

అలాంటి మనిషి, డెబ్బై నాలుగేళ్ళ వయసులో, ఐసీయూ మంచం మీద నా చెయ్యి పట్టుకుని అడిగాడు: "ఏటి తల్లీ, ఇప్పుడు పగలా, రేత్రా?"

నేను స్టాఫ్ నర్సుని. ఈ ఊళ్ళోనే ఇరవై రెండేళ్ళుగా వార్డుల్లో, ఐసీయూల్లో పని చేస్తున్నాను. ఈ ప్రశ్న ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. "టైమెంతయింది సిస్టరమ్మా?" అంటారు. చెప్పి, బీపీ రాసుకుని పక్క బెడ్డుకి వెళ్ళిపోయేదాన్ని. ఆ ప్రశ్న వెనకాల ఎంత భయం ఉంటుందో మా నాన్న కళ్ళలో చూసే దాకా నాకు తెలియలేదు. ఈ పోస్టు రాస్తున్నది అందుకే.

పోయిన కార్తీకంలో నాన్న పెరట్లో జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. సిటీలోనే ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. నేను పని చేసే చోటు కాదు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఊపిరితిత్తుల్లో కొంచెం నెమ్ము చేరిందని ఐసీయూలో ఐదు రోజులు ఉంచారు. ఆ ఐసీయూకి ఒక్క కిటికీ కూడా లేదు. సీలింగుకి తెల్లటి ట్యూబులు, ఇరవై నాలుగు గంటలూ వెలుగుతూనే ఉన్నాయి. నాన్న మంచానికి సరిగ్గా ముఖం మీద ఒకటి.

మొదటి రాత్రి నిద్రపోలేదు. రెండో రోజు పగలంతా కునికిపాట్లు. ఆ రాత్రి రెండింటికి నాకు ఫోన్ వచ్చింది. వెళ్ళేసరికి క్యాన్యులా లాగేసుకున్నాడు, దుప్పటంతా రక్తం. "ట్రే ఏదీ? డ్రైవరు హారన్ కొడతన్నాడు, నన్ను దిగనివ్వండి" అంటున్నాడు. మూడో రాత్రి నన్నే గుర్తుపట్టలేదు. టిక్కెట్టు తీసుకోని ప్యాసింజరుని అనుకుని గదమాయించాడు. ఆ రాత్రి ఆయన రెండు చేతులూ గాజు గుడ్డతో మంచం కడ్డీకి కట్టారు.

అక్కడి సిస్టర్ల తప్పని నేను అనను. ఎనిమిది మంది పేషెంట్లకి ఇద్దరే ఉన్నారు. ట్యూబులు లాగేసుకుంటే ప్రాణానికే ప్రమాదం. నేను కూడా ఇరవై రెండేళ్ళలో ఎందరో ముసలివాళ్ళ చేతులు అలాగే కట్టాను. కానీ కట్టిన చేతుల్ని కూతురిగా చూడడం వేరు. నాన్న మణికట్టు మీద ఆ ముడి నేను మా స్టూడెంట్లకి నేర్పించే ముడే.

దీన్ని మేము డెలీరియం అంటాం. పాతవాళ్ళు సంధి అనేవారు, సంధి ప్రేలాపన. ఇంట్లోవాళ్ళు మాత్రం మతి పోయిందనో, గాలి సోకిందనో హడలిపోతారు. మతిమరుపు జబ్బు వేరు, ఇది వేరు. ఇది గంటల్లో, రోజుల్లో వస్తుంది. ఒకసారి బాగున్నట్టే ఉంటుంది, అంతలోనే పెరుగుతుంది. రాత్రిళ్ళు ఎక్కువ. పెద్ద వయసులో ఆపరేషన్ అయినవాళ్ళలో చాలా మామూలు. కారణాలు అనేకం ఉంటాయి. ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, నొప్పి, నొప్పికిచ్చే మందులు, మలబద్ధకం, కళ్ళజోడు తీసేయడం, వినికిడి మిషను ఇంట్లో మరిచిపోవడం. ఆ కారణాల్లో నిద్ర చెడడం, పగలూ రాత్రీ తేడా తెలియకపోవడం కూడా ఉన్నాయని నేను నర్సింగ్ చదివేటప్పుడే చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. వార్డులోకి వచ్చాక దాన్ని ఎప్పుడూ మందుల చార్టుతో సమానంగా చూడలేదు.

ఐదో రోజు నాన్నని రూములోకి మార్చారు. తూర్పు వైపు పెద్ద కిటికీ. దూరంగా, రెండు అపార్టుమెంట్ల మధ్య నుంచి, చీరంచంత సముద్రం కనిపిస్తుంది. మర్నాడు ఆరు దాటాక వెలుగు దుప్పటి మీదకి పాకింది. నాన్న దానివైపే చూస్తూ పడుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు. పన్నెండింటికి నేను అన్నం కలిపి పెడుతుంటే, "మీ అమ్మ భోంచేసిందా?" అని అడిగాడు. నాలుగు రోజుల తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి తిన్ననైన మాట అది. ఆ రాత్రి నాలుగు గంటలు నిద్రపోయాడు. రెండో రాత్రి ఆరు. మూడో రోజుకి ఫిజియోథెరపీ అబ్బాయితో ఊరూ పేరూ విచారించే దాకా వచ్చాడు.

ఇదంతా కిటికీ వల్లే అని నేను చెప్పడం లేదు. ఆ రెండు రోజుల్లోనే సోడియం సరిచేశారు, నొప్పి మందు మార్చారు, నెమ్ము తగ్గింది, అమ్మ పక్కన ఉంది. ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పడం కుదరదు. కానీ మిగతావన్నీ కేస్ షీట్లో రాశారు. కిటికీ సంగతి ఎక్కడా రాయలేదు. నన్ను ఆలోచనలో పడేసింది అదే.

తర్వాత సెలవు పెట్టి ఇంట్లో ఉన్న మూడు వారాలూ దొరికినంత చదివాను. మనకి తెలిసినంత వరకు కంట్లో చూపుకి సంబంధించిన కణాలు రెండు రకాలు. మసక వెలుతురులో పని చేసేవి కొన్ని, పగటి వెలుతురులో రంగులు చూపించేవి కొన్ని. 2002లో మూడో రకం కూడా వెలుతురుకి స్పందిస్తుందని తేలింది. నిద్రా మెలకువలకి సంబంధించి ఇవి చేసే ముఖ్యమైన పని బొమ్మ చూపించడం కాదు. బయట వెలుగెంత ఉందో కొలిచి మెదడుకి కబురు పంపడం. వీటిలో మెలనాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. అది నీలి రంగు వెలుతురుకి, సుమారు 480 నానోమీటర్ల దగ్గర, బాగా స్పందిస్తుంది. తేటగా ఉన్న పొద్దుటి ఆకాశంలో ఆ రంగుకి కొదవ ఉండదు. తెల్లటి ఎల్ఈడీ దీపంలో కూడా అది ఉంటుంది.

ఆ కబురు చేరేది మెదడు అడుగున, రెండు కళ్ళ నరాలూ కలిసే చోటికి కాస్త పైన ఉన్న చిన్న కణాల గుంపుకి. అదే ఒంట్లో గడియారం. నిద్ర, ఒంటి వేడి, ఆకలి, కార్టిసాల్, బీపీ, అన్నిటికీ వేళ చెప్పేది అదే. ఈ గడియారాన్ని దాని మానాన వదిలేస్తే చాలామందిలో ఇరవై నాలుగు గంటల కంటే కొన్ని నిమిషాలు ఆలస్యంగా నడుస్తుంది. కాబట్టి రోజూ సరిచెయ్యాలి. సరిచేసే చెయ్యి పొద్దుటి వెలుగు. చీకటి పడ్డాక మెలటోనిన్ ఊరుతుంది, ఒంటికి రాత్రయిందని చెబుతుంది. రాత్రి రెండింటికి ముఖం మీద ట్యూబులైటు వెలిగితే ఆ మెలటోనిన్ తగ్గిపోతుంది. ఒంట్లో ఈ గడియారం కణం లోపల ఎలా తిరుగుతుందో కనిపెట్టిన ముగ్గురు అమెరికన్లకి 2017లో నోబెల్ ఇచ్చారు. ముందు ఈగల మీద పని చేశారు వాళ్ళు.

వయసు పెరిగేకొద్దీ కంట్లో కటకం పసుపు తిరుగుతుంది. శుక్లాలు వస్తే ఇంకా ఎక్కువ. ఆ పసుపు, లోపలికి పోవలసిన నీలి వెలుతురునే అడ్డుకుంటుంది. అంటే ముసలివాళ్ళకి మనకంటే ఎక్కువ వెలుతురు కావాలి. మనం చేసేది దీనికి తలకిందులు. ఇంట్లో అయినా ఆసుపత్రిలో అయినా లోపలి గది, మూల మంచం వాళ్ళకే. "విశ్రాంతిగా ఉంటుంది" అంటాం.

ఫోనులో వెలుతురు కొలిచే యాప్ ఒకటి వేసుకున్నాను. ఖచ్చితమైన పరికరం కాదు, తేడా తెలుసుకోవడానికి చాలు. మా వార్డులో గోడ వైపు బెడ్డు తలగడ మీద పెడితే మధ్యాహ్నం పన్నెండింటికి 110 లక్సు (వెలుతురు కొలత) చూపించింది. కిటికీ పక్క బెడ్డు మీద 1,300. వార్డు వరండాలో, నీడలోనే, 9,000 దాటింది. రాత్రి ఒంటి గంటకి గోడ వైపు బెడ్డు దగ్గరే మళ్ళీ కొలిచాను: 95. ఆ బెడ్డు మీద పడుకున్న మనిషికి మిట్టమధ్యాహ్నానికీ అర్ధరాత్రికీ మధ్య ఉన్న తేడా పదిహేను. ఆ అంకెలు చూశాక ఆ రాత్రి డ్యూటీలో నా చేతులు పనికి సరిగా సాగలేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. మా వృత్తికి తల్లి లాంటి ఫ్లోరెన్స్ నైటింగేల్ నూట అరవై ఏళ్ళ కిందటే చెప్పింది, రోగికి మంచి గాలి తర్వాత కావలసింది వెలుతురేనని. మొక్కలు వెలుగు వైపు తిరిగినట్టు రోగులు కూడా వెలుగు వైపే ముఖం పెట్టి పడుకుంటారని గమనించింది. ఆవిడ పుట్టినరోజున ఏటా కొవ్వొత్తి వెలిగించి ప్రతిజ్ఞ చేస్తాం. ఆవిడ చెప్పిన ఈ మాట మాత్రం ఎవరూ గుర్తుచెయ్యరు.

1972లో అమెరికాలో కిటికీలున్న ఐసీయూనీ, లేని ఐసీయూనీ పోల్చి చూసినప్పుడు, లేనిదాంట్లో ఆపరేషన్ తర్వాత డెలీరియం రెట్టింపు పైనే కనిపించింది. 1996లో కెనడాలోని ఎడ్మంటన్‌లో, తీవ్రమైన డిప్రెషన్‌తో చేరినవాళ్ళు ఎండ పడే గదుల్లో సగటున 16.9 రోజులు, ఎండ పడని గదుల్లో 19.5 రోజులు ఉన్నారని తేలింది. 2001లో మిలాన్ డాక్టర్లు బైపోలార్ (ఉన్మాదం, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు) డిప్రెషన్ పేషెంట్ల లెక్కలు చూశారు. తూర్పు గదుల్లో ఉన్నవాళ్ళు పడమటి గదుల వాళ్ళకంటే సగటున 3.67 రోజులు ముందే ఇంటికెళ్ళారు. 2005లో పిట్స్‌బర్గ్‌లో వెన్నెముక ఆపరేషన్ అయినవాళ్ళని చూస్తే, వెలుతురు ఎక్కువున్న వైపు వాళ్ళు గంటకి 22 శాతం తక్కువ నొప్పి మందు వాడారు. నెదర్లాండ్స్‌లో వృద్ధాశ్రమాల్లో పగలంతా 1,000 లక్సు దాకా దీపాలు పెట్టి చూశారు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళలో దిగులు తగ్గింది, జ్ఞాపకం పాడవడం కొంచెం నెమ్మదించింది. అది 2008లో అచ్చయింది.

వీటిలో కొన్ని చిన్న అధ్యయనాలు. కొన్నిటిలో పేషెంట్లని గదులకి పంచింది పరిశోధకులు కాదు, ఖాళీని బట్టి ఆసుపత్రే. అందుకని ఒక్కో అంకె మీద నేను ఒట్టు వెయ్యను. కానీ వేరు వేరు దేశాల్లో, వేరు వేరు జబ్బుల్లో అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. పైగా కిటికీ తెర తీయడానికి ఖర్చు లేదు.

మిలాన్ సంగతి చదివినప్పుడు మన ఊరే గుర్తొచ్చింది. మనకి తూర్పంటే సముద్రం. జూన్‌లో ఐదున్నర లోపే, జనవరిలో ఆరున్నరకి, అడ్డం లేకుండా సూర్యుడు పైకొస్తాడు. ఇంకో విషయం, మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం మీద పెట్టారు. విశాఖ 83.3 దగ్గర ఉంది. అంటే మన వాచీ టైముకీ నెత్తిన ఉన్న సూర్యుడికీ దాదాపు తేడా లేదు. గుజరాత్ వాళ్ళకి అరగంట నుంచి దాదాపు గంట దాకా తేడా ఉంటుంది. ఇంత అమరిక ఉన్న ఊళ్ళో పేషెంట్లని ట్యూబులైటు కింద పెట్టి పగలేదో రాత్రేదో తెలియకుండా చేస్తున్నాం.

పడమటి కిటికీ మాత్రం వేరే కథ. మే నెలలో మూడింటికి పడమటి బెడ్డు మీద పడుకున్నవాళ్ళకి అది శిక్షే. అక్కడ తెర వెయ్యాల్సిందే.

ఈ విషయం నాకు ముందే తట్టాల్సింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను డ్యూటీలోనే ఉన్నాను. అప్పుడు జనరల్ మెడికల్ వార్డు. కిటికీల అద్దాలు పగిలాయి, మంచాలన్నీ లోపలి గోడకి లాగేశాం. ఆ రాత్రి ఎవరూ కునుకు తీయలేదు. తర్వాత కొన్ని రోజులు ఊరంతా కరెంటు లేదు. జనరేటరు ఐసీయూకీ, థియేటరుకీ, మందుల ఫ్రిజ్‌కీ. మా వార్డుకి రెండు ఎమర్జెన్సీ లైట్లు, మా చేతుల్లో టార్చీలు. ఆరున్నరకల్లా చీకటి. దోమలు, ఉక్క, నీళ్ళకి కటకట, ఇళ్ళు ఏమయ్యాయో అన్న బెంగ. అయినా మూడో రాత్రికి వార్డులో సగానికి పైగా ఎనిమిదింటికే పడుకున్నారు. తెల్లారి వెలుగు రాగానే లేచారు. నెలల తరబడి నిద్ర మాత్ర అడుగుతూ వచ్చిన ఒక పెద్దాయన ఆ నాలుగు రోజులూ అడగలేదు. అలసిపోయారులే అనుకున్నాం. కరెంటు వచ్చాక ఐదో రాత్రి ట్యూబులన్నీ వేశాం. సంతోషంతో చప్పట్లు కొట్టారు. ఆ పెద్దాయన పదకొండింటికి వచ్చి మాత్ర అడిగాడు.

తుపాను తర్వాత ఊళ్ళో వీధి దీపాలు ఎల్ఈడీలకి మారాయి. వెలుతురు బాగుంది, రాత్రి డ్యూటీకి వెళ్ళే ఆడవాళ్ళకి ధైర్యంగా ఉంటుంది, నాకూ ఉంటుంది. మా పడకగది కిటికీకి ఎదురుగానే ఒకటి పడింది. అప్పటి నుంచి మందపాటి తెర.

సెలవయ్యాక డ్యూటీలో చేరి మా వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గర ఈ విషయం ఎత్తాను. ఆవిడ నాకంటే పదేళ్ళు సీనియరు. వింటూనే, "గోడలు పగలగొట్టి కిటికీలు పెట్టమంటావా?" అంది. అక్కర్లేదు మేడమ్, ఉన్నవి తెరుద్దాం అన్నాను. మా వార్డులో ఆరు కిటికీలున్నాయి. నాలుగింటి తెరలు నెలల తరబడి ఎవరూ కదపలేదు. ఒకదాని ముందు పాత స్క్రీన్లు, ఆక్సిజన్ సిలిండర్ స్టాండు పెట్టాం. అవి తీయించడానికే వారం పట్టింది.

ఇప్పుడు పొద్దున్న ఆరు దాటాక తెరలన్నీ తీస్తాం. లేవగలిగినవాళ్ళని టిఫిన్ అయ్యాక అరగంట వరండాలో కుర్చీలో కూర్చోబెడతాం. డెబ్బై దాటినవాళ్ళు, మాటల్లో తేడా కనిపించినవాళ్ళు వస్తే ముందు కిటికీ బెడ్డు ఖాళీ ఉందేమో చూస్తాం. రాత్రి పదికి పెద్ద లైట్లు ఆర్పేసి, నడవడానికి దారి కనపడేలా కింది లైట్లు రెండు ఉంచుతాం. ఎవరికైనా రాత్రి సెలైన్ మార్చాలంటే ఆ బెడ్డు లైటు ఒక్కటే, లేదా టార్చి. అన్నిటికంటే కష్టమైంది పనులు కలపడం. పదకొండింటికి బీపీ, పన్నెండింటికి ఇంజెక్షను, ఒంటి గంటకి షుగరు, ఇలా ఒకే మనిషిని మూడుసార్లు లేపేవాళ్ళం. డాక్టరుగారితో మాట్లాడి, ప్రమాదం లేని పేషెంట్లకి వాటిని ఒకే వేళకి తెచ్చాం. సీరియస్‌గా ఉన్నవాళ్ళ దగ్గర ఈ మాటే లేదు. వాళ్ళని ఎన్నిసార్లు చూడాలో అన్నిసార్లు చూడాల్సిందే.

మొదట్లో ఎదురైన చిక్కు పేషెంట్ తాలూకు వాళ్ళతో వచ్చింది. లైటు ఆర్పితే భయమంటారు. "చీకట్లో మనిషికేమైనా అయితే ఎలా కనిపెడతారమ్మా?" అని ఒకాయన గట్టిగానే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మేం ఎంత సేపటికోసారి వచ్చి చూస్తామో ఆయనకి చెప్పి, చెప్పినట్టే వెళ్ళి చూశాను. రెండో రాత్రి ఆయనే పక్క బెడ్డు వాళ్ళ ఫోను వెలుగు తగ్గించమన్నాడు. రాత్రి ఫోన్ల సంగతి ఇంకా మా చేతికి చిక్కలేదు. కుర్రాళ్ళు ఒంటి గంట దాకా రీల్స్ చూస్తూనే ఉంటారు, ఇయర్‌ఫోన్లు కూడా లేకుండా.

ఒక కుర్రాడి గురించి చెప్పాలి. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, బైకు మీద నుంచి పడి తొడ ఎముక, కటి ఎముక విరిగి వారాల తరబడి మంచంలోనే. వాడికి దొరికింది మధ్య వరసలో బెడ్డు. మూడో వారానికి మాట తగ్గించేశాడు. తిండి వద్దు, స్నేహితులొస్తే కళ్ళు మూసుకునేవాడు. వాళ్ళమ్మ నన్ను పక్కకి పిలిచి ఏడ్చింది. సైకియాట్రిస్టుకి చూపించాం, మందు మొదలుపెట్టారు. దాంతోపాటు మంచాన్నే చక్రాల మీద రోజూ ఎనిమిదింటికి వరండాలోకి తోసేవాళ్ళం. వార్డు బోయ్ మొదట్లో విసుక్కున్నాడు, తర్వాత పిలవకుండానే వచ్చేవాడు. వరండాలోంచి డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంది. పది రోజులకి ఆ కుర్రాడు హార్బరులోకి వచ్చే ఓడలు లెక్కపెట్టి నాకు అప్పజెప్పడం మొదలుపెట్టాడు. మందు పని చేసిందా, వెలుతురా, ఓడలా? 1984లో పెన్సిల్వేనియాలో రోజర్ ఉల్‌రిచ్ అనే ఆయన, గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినవాళ్ళలో చెట్లు కనిపించే కిటికీ ఉన్నవాళ్ళనీ, ఇటుక గోడ కనిపించే కిటికీ ఉన్నవాళ్ళనీ పోల్చాడు. చెట్లు చూసినవాళ్ళు త్వరగా ఇంటికెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. వెలుతురు రెండు వైపులా ఉంది, మారింది కంటికి కనిపించేదే. మా కుర్రాడికి ఓడలు కూడా పని చేసి ఉంటాయని నా నమ్మకం.

పసిపిల్లల వార్డుకి ఈ విషయం కొత్త కాదు. పచ్చకామెర్లొచ్చిన బిడ్డల్ని నీలి దీపాల కింద పెడతారు కదా. అది మొదలైంది 1950లలో ఇంగ్లండులోని ఒక ఆసుపత్రిలో, ఒక సిస్టర్ వల్ల. ఆవిడ నెల తక్కువ బిడ్డల్ని ఎండ బాగున్నప్పుడు ఆరుబయటికి తీసుకెళ్ళేది. ఒక బిడ్డకి గుడ్డ కప్పిన చోటే పసుపు మిగిలి, ఎండ తగిలిన చోటల్లా తగ్గిందని చూసి డాక్టర్లకి చూపించింది. నర్సు కంటపడిన సంగతి అది. మన అమ్మమ్మలు కూడా పసికందుని పొద్దుటెండలో పడుకోబెడతారు. మంచిదే, కానీ కామెర్లు ఎక్కువైతే ఎండని నమ్ముకుని ఇంట్లో ఉండకండి, రక్త పరీక్ష చేయించండి.

వెలుతురు అందరికీ ఒకేలా మంచిది కూడా కాదు. లూపస్ ఉన్నవాళ్ళకి ఎండ తగిలితే జబ్బు పెరుగుతుంది. డాక్సీసైక్లిన్ లాంటి కొన్ని మందులు వాడేటప్పుడు ఎండలో చర్మం కమిలిపోతుంది. బైపోలార్ ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా లైటు బాక్సులు కొనుక్కోకూడదు, ఉన్మాదం వైపు తిరగొచ్చు. ఇంకొకటి చాలామంది అడుగుతారు, కిటికీ దగ్గర కూర్చుంటే విటమిన్ డి వస్తుందా అని. రాదు. దానికి కావలసిన కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. అద్దం లోంచి వచ్చే వెలుతురు గడియారాన్ని సరిచేస్తుంది, అంత వరకే.

మా సంగతి కూడా రెండు ముక్కలు చెబుతాను. నైట్ డ్యూటీ చేసేవాళ్ళం పేషెంట్లం కాదు గానీ మా గడియారాలూ చెడతాయి. ఇలా గడియారాన్ని తలకిందులు చేసే షిఫ్టు పనిని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో 2007లోనే చేర్చారు, 2019లో మళ్ళీ చూసి రాత్రి షిఫ్టు పనిని అక్కడే ఉంచారు. నేను పొద్దున్న ఎనిమిదింటికి డ్యూటీ దిగి స్కూటీ మీద ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్ళజోడు పెట్టుకుంటాను. కంట్లో ఆ ఎండ పడిందంటే ఇక నిద్ర పట్టదు. మా అత్తగారు మొదట్లో కాలనీ వాళ్ళేమనుకుంటారో అని నొచ్చుకున్నారు. ఇప్పుడు ఆవిడే నేను వచ్చే వేళకి గది తెరలు వేసి ఉంచుతారు. ఫోను సైలెంటులో పెట్టమని పిల్లల్ని కేకలేస్తారు.

మీ ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే, ముఖ్యంగా పెద్దవాళ్ళుంటే, సిగ్గుపడకుండా కిటికీ బెడ్డు అడగండి. దొరకకపోయినా పగలు తెర తీయమనండి, రాత్రి ముఖం మీద లైటు ఆర్పమనండి. కళ్ళజోడు, వినికిడి మిషను, ఒక పెద్ద అంకెల గడియారం ఇంటి నుంచి తీసుకెళ్ళండి. పొద్దున్న వెళ్ళగానే ఈ రోజు ఫలానా వారం, టైమింతయింది, బయట ఎండ కాస్తోంది అనో మబ్బు పట్టింది అనో చెప్పండి. నాన్నకి ఆ ఐదు రోజులూ ఈ పని నేను చేయలేదు. మానిటరు చూశాను, యూరిన్ బ్యాగు చూశాను, ఇంజెక్షన్ల టైము చూశాను. బయట తెల్లారిందని మాత్రం చెప్పలేదు.

నాన్న ఇప్పుడు వాకర్ పట్టుకుని అరుగు దాకా నడుస్తున్నాడు. ఐసీయూ రాత్రుల గురించి ఆయనకి ఏమీ గుర్తులేదు, ఒక్క మాట తప్ప. బస్సులో లైట్లన్నీ వేసేసి, బయట ఏమీ కనిపించకుండా ఎక్కడికో తీసుకుపోయారంటాడు.

నిన్న ఈవెనింగ్ డ్యూటీకి వెళ్ళి హ్యాండోవర్ పుస్తకం తీశాను. రాత్రి డ్యూటీలో పోయిన నెలే చేరిన చిన్న సిస్టర్ ఉంది. ఇన్‌టేకు, అవుట్‌పుట్, ఇన్సులిన్, సెలైన్ అన్నీ రాసి, చివర్లో ఎవరూ చెప్పకుండానే ఇంకో లైను రాసింది: "6.10కి తెరలు తీశాం. 9వ బెడ్డు తాతగారు 11 నుంచి 4.30 దాకా పడుకున్నారు."